వంటింటి దాకా

ఇంటర్నెట్ కనెక్షన్ ఇవ్వడానికి వచ్చే కుర్రాడు ముందు వీధిలో స్తంభం చూస్తాడు, తర్వాత మన గోడ చూస్తాడు. స్తంభానికి ఏ గోడ దగ్గరైతే ఆ గోడకే రంధ్రం పడుతుంది. లోపల ఉన్నది ఏ గది, అందులో ఎవరుంటారు అన్నది అతని పని కాదు. మన ఇళ్లు వీధివైపు ముఖం పెట్టుకుని ఉంటాయి కాబట్టి అది దాదాపు ఎప్పుడూ హాలే అవుతుంది. టీవీ బల్ల పక్కనో, పైన చెక్క అరలోనో రౌటర్ అనే తెల్లటి పెట్టె ఒకటి కుదురుకుంటుంది. దాని దీపాలు ఆకుపచ్చగా మారగానే అతను హాల్లోనే నిలబడి ఫోన్లో స్పీడు చూపించి, సంతకం పెట్టించుకుని వెళ్లిపోతాడు. వెనక గదిలోకి వెళ్లి స్పీడు చూపించిన కుర్రాణ్ని నేనింతవరకూ చూడలేదు. అందుకు అతన్ని తప్పుపట్టలేం. ఇంట్లోకి వచ్చిన ప్రతి కొత్త వస్తువునీ మనం ముందుగా కూర్చోబెట్టింది హాల్లోనే.

రేడియో అలాగే వచ్చింది. 1980ల దాకా రేడియోకి లైసెన్సు ఉండేది. పోస్టాఫీసులో రుసుం కట్టి పుస్తకంలో ముద్ర వేయించుకోవాలి. అంత మర్యాద ఉన్న వస్తువు హాల్లో కాక ఇంకెక్కడుంటుంది? వార్తల వేళ మగవాళ్లు దాని చుట్టూ చేరేవారు. వంటింట్లో ఉన్నవాళ్లకి పాట కావాలంటే అది గుమ్మం దాటి వినపడేంత పెద్దగా పెట్టాలి. పెడితే హాల్లో మాటలు సాగవు. పాట వంటింట్లోకి వెళ్లింది ట్రాన్సిస్టర్ వచ్చాకనే. వివిధభారతి 1957 అక్టోబరు 3న మొదలైంది. తర్వాతి దశాబ్దాల్లో అది ఇళ్లలో అంతగా పాతుకుపోవడానికి ఆ చేతిపెట్టె, అది చేరిన వంటింటి అలమర కూడా కారణమని నా నమ్మకం. పోపు వేస్తూ, బియ్యం ఏరుతూ పాటలు నేర్చుకున్న ఆడవాళ్లని నేను చూశాను. హాల్లో రేడియో ఉన్నన్నాళ్లూ వాళ్లకి ఆ పాటలు సగం సగమే అందాయి.

ఇక టెలిఫోను సంగతి. దరఖాస్తు పెట్టుకుని ఏళ్ల తరబడి ఎదురుచూస్తే వచ్చిన నల్ల ఫోను. హాలు మూలలో స్టాండు, దాని మీద అల్లిక గుడ్డ, కొన్ని ఇళ్లలో డయలుకి చిన్న తాళం. కోడలికి పుట్టింటి నుంచి ఫోను వస్తే వంటింట్లోంచి చేతులు తుడుచుకుంటూ రావాలి. మామగారు పేపరు చదువుతూ ఉంటారు, అత్తగారు మంచం మీద ఉంటారు, ఎవరో చుట్టం కాఫీ తాగుతూ ఉంటారు. ‘బాగున్నాను, అందరూ బాగున్నారు, నువ్వెలా ఉన్నావమ్మా’ అనడం తప్ప ఆమె హాల్లో నిలబడి ఏం చెప్పగలదు? ఎన్ని ఇళ్లలో ఎంతమంది ఆడపిల్లలు అమ్మకి చెప్పాలనుకున్న మాట ఆ మూల నిలబడి మింగేశారో లెక్కకట్టిన వాళ్లు లేరు. తీగ ఇంకో పది గజాలు లోపలికి లాగి పారలల్ ఫోను పెట్టుకోవడం కష్టమేమీ కాదు. పెట్టుకున్నారు కూడా. కానీ నేను చూసిన ఇళ్లలో ఆ రెండో ఫోను పైన ఆఫీసు గదిలోకో ఇంటిపెద్ద పడగ్గదిలోకో వెళ్లింది.

అందుకే ఇంట్లో వెనక వైపు రెండో రౌటర్ పెట్టడం నాకు సామాన్లు సర్దుకునే పనిలా అనిపించదు. ఇంట్లో ఎవరికి ఎంత అందుతోంది అని ఆ వంకన ఒకసారి చూసుకోవచ్చు. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ఐదో విడతలో, అంటే 2019లో మొదలైనదానిలో, జీవితంలో ఒక్కసారైనా ఇంటర్నెట్ వాడారా అని అడిగారు. ఆంధ్రప్రదేశ్‌లో వాడామన్న మగవాళ్లు 48.8 శాతం, ఆడవాళ్లు 21 శాతం. తెలంగాణలో 57.4, 26.5. ఆ తర్వాత కరోనా వచ్చి, ఫోన్లు పెరిగి, ఈ అంకెలు మారే ఉంటాయి. అయితే ఆ తేడా ఎక్కడో దూరాన లేదు. ఒకే పైకప్పు కింద హాలుకీ వంటింటికీ మధ్యనే ఉంది. పేదరికం ఒక కారణం, చదువు ఒక కారణం. ఫోను ఎవరి చేతిలో ఉంటుందన్నది ఇంకో కారణం. పెట్టె ఎక్కడుందన్నది వీటిలో చాలా చిన్నది. కానీ ఒక్క మధ్యాహ్నంలో మనం సరిచేయగలిగింది అదొక్కటే.

పైగా మిగతా దూరమంతా ఎవరో ఒకరు లాక్కొచ్చేశారు. ఆంధ్రప్రదేశ్‌లో ఫైబర్‌నెట్ తీగలు కరెంటు స్తంభాల మీదుగా ఊళ్లోకి వచ్చాయి. 2017 డిసెంబరులో రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ దాన్ని ప్రారంభించినప్పుడు నెలకి 149 రూపాయలకి ఇంటింటికీ అన్నారు. తెలంగాణలో మిషన్ భగీరథ నీటి గొట్టాల కోసం తవ్విన కందకాల్లోనే టీ-ఫైబర్ గొట్టాలు వేశారు. ఇన్ని వేల కిలోమీటర్లు వచ్చిన వెలుగు మన హాలు గోడ దగ్గర ఆగుతుంది. అక్కణ్నించి లోపలికి ఉన్న పది గజాలూ ప్రభుత్వానివి కావు, కంపెనీవీ కావు.

తెనాలిలో మా ఇల్లు పొడుగ్గా ఉంటుంది. ముందు భాగం తాతగారి కాలంది: సున్నంతో కట్టిన ఇటుక గోడలు, అడుగున్నర మందం, నడుమ మండువా. వెనక భాగం నాన్న వేయించిన స్లాబు. అక్కడ వదినావాళ్ల గది, వంటిల్లు, దాటితే పెరడు. పెట్టె వీధి గదిలో ఉంది. మండువా దాకా సిగ్నలు బాగానే వస్తుంది, పైన ఆకాశమే కాబట్టి అడ్డేమీ లేదు. ఆ తర్వాత పాత గోడ, దానికి ఆనించి వదిన స్టీలు బీరువా, ఆ వెనక కొత్త గోడ. బీరువా తలుపుకి నిలువెత్తు అద్దం కూడా.

గోడ సంగతి కాస్త చెప్పుకోవాలి. వైఫై తరంగం రేడియో తరంగమే. 2.4 గిగాహెర్ట్జ్ దగ్గర దాని పొడవు సుమారు పన్నెండున్నర సెంటీమీటర్లు, 5 గిగాహెర్ట్జ్ దగ్గర అందులో సగం. పొడుగుది గోడల్ని కాస్త నయంగా దాటుతుంది, పొట్టిది ఎక్కువ సమాచారం మోస్తుంది గానీ త్వరగా అలిసిపోతుంది. చెక్క తలుపు పెద్దగా ఆపదు. ఇటుక కొంత తినేస్తుంది, మందం పెరిగే కొద్దీ ఇంకా. లోపల ఊచలున్న కాంక్రీటు చాలా తింటుంది. లోహపు రేకు దాటనివ్వదు, వెనక్కి కొడుతుంది; అద్దం వెనక పూత కూడా అంతే. నీళ్లు పీల్చుకుంటాయి, అందుకే వానాకాలంలో చెమ్మపట్టిన గోడ ఎండాకాలం గోడకన్నా మొండిది. మూడు డెసిబెల్స్ తగ్గిన ప్రతిసారీ శక్తి సగమవుతుంది. అలాంటి సగాలు వరసగా నాలుగైదు పడితే మిగిలేది ఎంత?

మన దేశంలో ఈ తరంగాల్ని గోడలు దాటించి జనానికి మొదట చూపించినవాడు జగదీశ్ చంద్ర బోస్. 1895లో కలకత్తా టౌన్‌హాల్లో ఒకచోట తరంగం పుట్టించి, గోడలకి అవతల దూరంగా గంట మోగించాడు, తుపాకిమందు పేల్చాడు. అలా మొదలైన విద్య అయినా, వంటిల్లు మాత్రం దానికి కఠినమైన చోటే. ఫ్రిజ్జు నిండా లోహం, ఫిల్టరు తొట్టి నిండా నీళ్లు, గోడ పొడవునా స్టీలు సామాన్ల స్టాండు. మైక్రోవేవ్ ఓవెన్ ఉంటే అది తిరిగేది సరిగ్గా 2.4 గిగాహెర్ట్జ్ ఇరుగుపొరుగులోనే. మనుషుల అలవాటు సగం ఆపితే భౌతికశాస్త్రం మిగతా సగం ఆపుతోంది.

దాంతో ఇంట్లో వాళ్లు ఎవరికి వాళ్లు సర్దుకున్నారు. ఆ సర్దుబాటు చూస్తేనే నాకు బాధ కలిగింది. అన్నయ్య కూతురు ఇంటర్ రెండో ఏడు. ఈఏపీసెట్ పాఠాల వీడియోలు చూడాలంటే పుస్తకాలు పట్టుకుని హాల్లోకి రావాలి, అక్కడ వాళ్ల నాన్న టీవీ. వదిన గ్యాసు బుక్ చెయ్యాలన్నా, కుట్టడానికి తెచ్చుకున్న జాకెట్టుకి ఏదైనా మోడలు చూసుకోవాలన్నా మండువాలోకి వచ్చి నిలబడేది. అమ్మ పరిస్థితి వేరు. డాలస్‌లో ఉన్న అక్క ఆఫీసు నుంచి ఇంటికొచ్చి ఫోను చేసే వేళ ఎండాకాలంలో అక్కడ సాయంత్రం ఏడున్నర, ఇక్కడ తెల్లవారి ఆరు. ఆ వేళకి అమ్మ ఉండేది వంటింట్లో, పాలు పొయ్యి మీద. బొమ్మ ఆగిపోతుంది, మాట ముక్కలవుతుంది. ‘సరేలే, తర్వాత చేస్తా’ అని అక్క పెట్టేస్తుంది. ఎవరూ ఫిర్యాదు చెయ్యలేదు. వెనక గదికి సిగ్నలు రాదు అన్నది వెనక గదికి ఎండ రాదు అన్నంత సహజంగా తీసుకున్నారు.

చుట్టుపక్కల అడిగితే ఎక్కువమంది చెప్పేది రిపీటరు కొనమని. గోడకి ప్లగ్గులో గుచ్చేస్తే చాలు, తీగ అక్కర్లేదు. అది విన్నదాన్ని మళ్లీ చెప్పే యంత్రం. ఒకే రేడియోతో వినాలి, అదే రేడియోతో చెప్పాలి కాబట్టి గాలిలో సమయం రెండింతలు ఖర్చవుతుంది, వేగం సగానికి పడిపోతుంది. అది కూడా పెట్టె మాట ఇంకా బాగా వినపడే చోట పెడితేనే. చాలామంది దాన్ని సిగ్నలు లేని గదిలోనే పెట్టి, పని చెయ్యడం లేదంటారు. తనకే వినపడనిది అదేం చెబుతుంది? మెష్ పేరుతో వచ్చే జతలు ఇంతకన్నా తెలివైనవి, ఖరీదైనవి. వాటి మధ్య కూడా తీగ వేస్తేనే వాటి అసలు బలం తెలుస్తుంది. అడుగున్నర సున్నపు గోడ, దాని వెనక ఇనప బీరువా ఉన్న ఇంట్లో నా ఓటు తీగకే.

అటక మీద పాత రౌటర్ ఉంది. నగరంలో అద్దె ఇల్లు ఖాళీ చేసినప్పుడు తెచ్చి పెట్టింది. ఇలాంటివి మన ఇళ్లలో ఎన్ని ఉన్నాయో! కంపెనీ మార్చినప్పుడల్లా ఒకటి మిగులుతుంది, పాత ఛార్జర్లతో కలిసి సంచిలో పడి ఉంటుంది, చివరికి చెత్తబండిలోకి పోతుంది. దాన్ని మళ్లీ పనిలో పెట్టడానికి చేయవలసింది కొద్దే గానీ అందులో ఒక అందం ఉంది. వెనకనున్న సన్నటి బెజ్జంలో సూది గుచ్చి పది సెకన్లు పట్టుకుంటే పాత జ్ఞాపకాలన్నీ పోతాయి. తర్వాత దానికి చెప్పేవన్నీ వద్దు అనే మాటలే. నీ నంబరు 192.168.1.1 అని చెప్పుకోవద్దు, ఆ నంబరు ముందు గది పెట్టెది, నువ్వు 192.168.1.2గా ఉండు. ఫోన్లకి నంబర్లు పంచవద్దు; ఆ పని, అంటే డీహెచ్‌సీపీ, ముందు గది పెట్టె చూసుకుంటుంది. తీగని వాన్ అని రాసి ఉన్న రంధ్రంలో పెట్టకూడదు, మామూలు లాన్ రంధ్రంలోనే పెట్టాలి. వాన్‌లో పెడితే ఇది ఇంట్లో ఇంకో ఇల్లు కట్టేస్తుంది. వెనక గదిలోని ప్రింటరు హాల్లోని ఫోనుకి కనపడకుండా పోతుంది. ఇద్దరూ నంబర్లు పంచడం మొదలెడితే ఇంకా చిక్కు: దీని దగ్గర నంబరు తీసుకున్న ఫోను బయటికి దారి కోసం దీన్నే అడుగుతుంది, దీనికి బయటికి దారి ఉండదు.

ఈ నంబర్ల దగ్గర నేను ప్రతిసారీ ఆగిపోతాను. 192.168తో మొదలయ్యే చిరునామాల్ని ఎవరి ఇంట్లో వాళ్లు వాడుకోవడానికని 1990లలో విడిగా పెట్టేశారు. కాబట్టి తెనాలిలో అమ్మ ఫోనూ, డాలస్‌లో అక్క లాప్‌టాపూ ఒకే సమయంలో 192.168.1.5 కావచ్చు. ఇంట్లో పిలుచుకునే ముద్దుపేర్ల వంటివివి. ప్రతి ఇంట్లోనూ ఒక చిన్నా, ఒక బుజ్జి ఉంటారు. గుమ్మం లోపల ఆ పేరుకి పలికేది ఒక్కరే, గుమ్మం దాటితే ఆ పేరు చెల్లదు. బయటి ప్రపంచానికి తెలిసేది ఇంటి పేరు మీద వెళ్లే ఒకే చిరునామా. ఎవరు అడిగిన ఉత్తరం ఎవరికి అందాలో గుమ్మంలోని పెట్టె గుర్తుపెట్టుకుంటుంది. వంటింట్లోంచి అడిగినా హాల్లోంచి అడిగినా బయటికి వెళ్లే పేరు ఒకటే. ఇంట్లో అందరికీ సమానంగా ఇచ్చిన ఇంటిపేరది, ఆ పెట్టెకి కోడలనీ కొడుకనీ తేడా తెలియదు.

తీగ వెయ్యడానికి వచ్చిన ఎలక్ట్రీషియన్ పెద్దాయన, నాన్న స్లాబు వేయించినప్పుడు ఇంటికి వైరింగు చేసిన మనిషి. పాత గోడకి డ్రిల్లు పెట్టనన్నాడు. సున్నపు గోడ అదిరితే పెళ్లలు లేస్తాయి, తలుపు పైన గాలికని వదిలిన కంతలోంచి తీసుకెళ్దాం అన్నాడు. మండువా దూలం పక్కన ప్లాస్టిక్ పట్టీ కొట్టి, కరెంటు తీగలకి జానెడు ఎడంగా లాక్కొచ్చాడు. ఈ తీగలో ఎనిమిది పోగులుంటాయి. నారింజ, ఆకుపచ్చ, నీలం, గోధుమ రంగుల జంటలు. ప్రతి జంటా మెలిపెట్టి ఉంటుంది. మెలిక ఎందుకంటే, బయటి అలజడి రెండు పోగుల మీదా ఒకేలా పడి ఒకదాన్నొకటి కొట్టేసుకుంటుంది. గ్రాహంబెల్ 1881లోనే టెలిఫోను తీగలకి కనిపెట్టిన ఉపాయమిది. ఒకప్పుడు కోడలి మాటని హాల్లోనే ఆపిన ఫోనుకీ, ఇప్పుడు వంటింటికి వెళ్తున్న ఈ తీగకీ మెలిక ఒకటే. వంద మీటర్ల దాకా ఈ తీగ వేగం కోల్పోకుండా మోస్తుంది. మా ఇంటికి అందులో పాతిక కూడా పట్టలేదు. చివర రంగులు వరసగా పేర్చి క్రింపింగ్ కొడుతుంటే పక్కన నిలబడిన పిల్ల, ‘‘బాబాయ్, ఇంకోటి నేను కొడతా’’ అంది. పెద్దాయన మారుమాట్లాడకుండా పట్టకారు ఇచ్చేశాడు. తెల్లనారింజ, నారింజ, తెల్లాకుపచ్చ, నీలం అని పైకి చదువుకుంటూ పేర్చింది.

రెండో రౌటర్‌కి కూడా ముందుదాని పేరే పెట్టాం, అదే పాస్‌వర్డు. ఛానెలు మాత్రం వేరు. 2.4 గిగాహెర్ట్జ్‌లో ఒకదానిమీదొకటి పడకుండా ఉండేవి 1, 6, 11 మాత్రమే. హాలుది 1 అయితే వెనకది 11. ఈ గాలి ఎవరి సొత్తూ కాదు. 2.4 పట్టీని మన ప్రభుత్వం లైసెన్సు అక్కర్లేకుండా 2005లో వదిలింది, 5 గిగాహెర్ట్జ్‌లో విశాలమైన భాగాన్ని 2018లో. పక్కింటివాళ్లదీ, వెనక వీధివాళ్లదీ ఇదే గాలి. ప్రతి పెట్టే మాట్లాడేముందు ఒక క్షణం విని, ఇంకెవరైనా మాట్లాడుతుంటే ఆగి, తర్వాత మొదలుపెడుతుంది. ఆ మర్యాదని ప్రమాణాల్లోనే రాసిపెట్టారు. ఇరుగుపొరుగు ఇళ్ల సిగ్నళ్లు రాత్రింబవళ్లు మా గోడల్లోంచి ఇలా ఆగుతూ సాగుతూ పోతున్నాయంటే నాకు ముచ్చటేస్తుంది.

ఒకటి మాత్రం ముందే తెలుసుకోవాలి. రెండు పెట్టెలున్నప్పుడు ఏది పట్టుకోవాలన్నది ఫోను ఇష్టం, పెట్టెల ఇష్టం కాదు. హాల్లో కలిసిన ఫోను వంటింట్లోకి వచ్చినా పాతదాన్నే పట్టుకుని వేలాడుతుంది. పక్కనే గట్టిగా వినిపించేది ఉన్నా, సన్నగిల్లిన ఆ గొంతు పూర్తిగా తప్పిపోయే దాకా వదలదు. ఒకసారి వైఫై ఆపి మళ్లీ పెడితే దారిలోకి వస్తుంది. వెనక రౌటర్ కాస్త తక్కువ బలంతో పనిచేసేలా పెడితే, పెరట్లోంచి హాల్లోకి వచ్చేటప్పుడు ఫోను దాన్ని త్వరగా వదులుతుంది. కరెంటు పోతే రెండూ పోతాయి. ముందుదానికి చిన్న యూపీఎస్ పెట్టిన ఇళ్లు వెనకదాన్ని మర్చిపోతుంటాయి. ఇవన్నీ సర్దుకోదగ్గవే.

సర్దుకోలేనిది ఒక అభ్యంతరం. గదిగదికీ ఇంటర్నెట్ ఇస్తే ఎవరి గదిలో వాళ్లుండిపోతారు, అందరూ ఒకచోట కూర్చునే రోజులు పోయాయి అని మా అన్నయ్యే అన్నాడు. ఆ బాధ నిజమైనది, దాన్ని తోసెయ్యను. దూరదర్శన్ రోజుల్లో ఆదివారం సినిమాకి మండువా నిండిపోయేది, నేనూ అందులో కూర్చున్నవాణ్నే. అయితే అప్పుడు అందరూ కూర్చున్నారా? అమ్మ వంటింటి గుమ్మంలో నిలబడి చూసేది, కుక్కర్ కూత వేస్తే లోపలికి వెళ్లేది, తిరిగి వచ్చేసరికి కథ మారిపోయేది. ఏమైందని అడిగితే ‘ఉండవే’ అనేవారు. మనం కలిసి కూర్చున్నాం అని గుర్తుపెట్టుకున్న సాయంత్రాలు కొందరికి గుమ్మంలో నిలబడిన సాయంత్రాలు. ఇల్లు కలవాలంటే హాల్లో అందరికీ చోటుండాలి, అన్నం వండే పని అందరిదీ కావాలి. వెనక గదికి సిగ్నలు ఆపితే ఆ రెండూ జరగవు. పిల్ల చదువుకి తలుపు వేసుకునే హక్కు, కోడలికి తన ఫోను తన చోట మాట్లాడుకునే హక్కు ఇచ్చాక, వాళ్లు హాల్లోకి వచ్చి కూర్చుంటే అది ఇష్టంతో కూర్చోవడం అవుతుంది. అన్నయ్య ఒప్పుకోలేదు, కాదనీ అనలేదు. టీవీ గొంతు మాత్రం తగ్గించాడు.

తీగ వేసిన ఆ వారంలోనే వదిన తమ్ముడు మంగళగిరిలో ఇల్లు కడుతుంటే గోడలకి గాళ్లు కొట్టే దశ వచ్చింది. ఇల్లు కట్టేవాళ్లందరికీ నేను చెప్పాలనుకునే మాట ఇక్కడే ఉంది: ఫ్యానుకీ లైటుకీ ఏసీకీ పైపు వేస్తున్నప్పుడు, ప్రతి గదికీ ఇంకో పైపు ఖాళీగా వేయండి. అప్పుడు దానికయ్యే ఖర్చు ఇంటి ఖర్చులో కనపడదు. తర్వాత గోడ పగలగొట్టాలి. అతను హాలుకీ, రెండు పడగ్గదులకీ, పైన రాబోయే గదికీ గుర్తులు పెట్టించాడు. వదిన వీడియో కాల్లో గోడలన్నీ చూపించమంది. వంటింటికి పాయింటు లేదేమని అడిగింది. మేస్త్రీ పక్కనుంచి, ‘‘వంటింట్లో ఇంటర్నెట్ పాయింటు ఎందుకమ్మా, అక్కడెవరూ పెట్టరు’’ అన్నాడు. వదిన అతనికి కారణాలు చెప్పలేదు. గట్టు మీద నుంచి అడుగున్నర ఎత్తులో, స్టవ్వుకి ఎడంగా, సింకు వైపు కాకుండా కిటికీ వైపు అని కొలత చెప్పి, అతను సుద్దతో గీసి చూపించేదాకా ఫోను పెట్టలేదు.